నాదానికి అసలు, నకలు ఉంటాయా?

ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్లలో ఫెండర్ డీలక్స్ రివర్బ్ పేరు విననివాళ్లు అరుదు. 1960ల నుంచి అమెరికన్ రికార్డుల వెనక వినిపిస్తున్న ఆంప్లిఫయర్ అది. 2019లో అదే కంపెనీ, అదే పేరుకు ముందు టోన్ మాస్టర్ అనే మాట తగిలించి ఇంకో పెట్టె తెచ్చింది. ఎదురుగా నిలబడి చూస్తే రెండూ కవలలే: అదే నల్లటి తొడుగు, స్పీకరు ముందు అదే వెండిరంగు గుడ్డ, అవే అంకెలున్న నాబులు. చేత్తో లేపితేగాని గుట్టు బయటపడదు. వాల్వులున్నది సుమారు 19 కిలోలు, కొత్తది పదిన్నరకు మించదు. మొదటిదాని లోపల గాజు వాల్వులు, ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. రెండోదాని లోపల, ఆ వాల్వులూ ట్రాన్స్‌ఫార్మర్లూ ఏం చేస్తాయో క్షణక్షణం లెక్కగట్టే చిప్ ఉంటుంది. కంపెనీ రెండింటినీ పక్కపక్కనే పెట్టి అమ్ముతోంది. గిటారిస్టులు మాత్రం పాతికేళ్లుగా ఈ రెండు జాతుల మధ్య తగవు తీర్చలేకపోతున్నారు. వాల్వులతో నడిచే ట్యూబ్ ఆంప్ అసలు, చిప్‌తో లెక్కగట్టే డిజిటల్ మోడలర్ నకలు అని ఒక పక్షం. చెవికి తేడా తెలియనప్పుడు అసలేమిటి, నకలేమిటి అని రెండో పక్షం. తగవు చెవుల గురించి జరుగుతున్నట్టు కనిపిస్తుంది గాని, దాని అడుగున ఉన్నది చాలా పాత ప్రశ్న. ఒకదాన్ని నిజమైనదని దేన్నిబట్టి అంటాం? ఎక్కడ పుట్టిందన్నదాన్నిబట్టా, ఏం చేయగలదన్నదాన్నిబట్టా? ధ్వని విషయంలో అసలు, నకలు అనే జంట పొసగదనీ, ఈ రెండు యంత్రాల మధ్య తేడా నిజంగా ఉన్నా అది సత్యాసత్యాల తేడా కాదనీ, అప్పిచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఉండే తేడా అనీ ఈ వ్యాసం వాదన.

ముందు వాల్వు సంగతి చూడాలి. గాలి పూర్తిగా తీసేసిన గాజు బుడ్డి అది. జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1904లో రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు; లీ డి ఫారెస్ట్ 1906లో మధ్యలో మూడోదాన్ని, గ్రిడ్ అనే జల్లెడను, చేర్చే పనికి దిగాడు. గిటారు ఆంప్ వాల్వులో హీటరు సాధారణంగా 6.3 వోల్టుల మీద ఎర్రగా కాలుతుంది. కాథోడ్ నుంచి లేచిన ఎలక్ట్రాన్లను మూడు నాలుగు వందల వోల్టుల మీద ఉన్న ప్లేటు లాక్కుంటుంది. తీగ మీటినప్పుడు గిటారు నుంచి వచ్చే అతి చిన్న వోల్టేజి గ్రిడ్‌కు చేరి ఆ ప్రవాహాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. మెల్లగా మీటితే లోపలికి వచ్చిన ఆకారమే పెద్దదై బయటికి వస్తుంది. గట్టిగా మీటితే వాల్వు అంతమేరకు సాగలేక అల తలను నున్నగా వంచేస్తుంది. ఆ వంపులోంచి తీగలో అంత బలంగా లేని స్వరాలు పుట్టుకొస్తాయి. మన భాషలో చెప్పాలంటే, మీటింది షడ్జమైతే రెండో హార్మోనిక్ తారషడ్జం, మూడోది దానిపై పంచమం, అయిదోది ఇంకా పైస్థాయి అంతర గాంధారం. ఒంటి వాల్వు దశల్లో రెండోది బాగా పలుకుతుంది. రెండు వాల్వులు ఎదురుబొదురుగా పనిచేసే చివరి దశలో సరిసంఖ్య స్వరాలు చాలావరకు ఒకదాన్నొకటి రద్దుచేసుకుని బేసివి మిగులుతాయి. దీనికి తోడు, ఒక్కసారిగా గట్టి తీగ పడితే సరఫరా వోల్టేజి కాస్త కుంగి మళ్లీ లేస్తుంది. స్వరం ముందు అణిగి, తరవాత ఉబ్బినట్టు వినబడుతుంది. గిటారిస్టు వేళ్లకు ఆంప్ బదులు పలుకుతోందనిపించేది ఈ అణకువా ఉబ్బూ వల్లే.

మోడలర్ చేసేది ఇదంతా అంకెల్లో. గిటారు సంకేతాన్ని సెకనుకు 48,000 సార్లో, అంతకంటె ఎక్కువసార్లో కొలిచి, ప్రతి కొలతనూ గణిత సూత్రాల గుండా నడిపించి, వచ్చిన అంకెల వరసను మళ్లీ విద్యుత్తుగా మార్చి స్పీకరుకు పంపుతుంది. లైన్ 6 సంస్థ 1996లో యాక్సిస్ 212 అనే ఆంప్‌తోనూ, 1998లో బల్ల మీద పెట్టుకునే ఎర్రటి పాడ్‌తోనూ ఈ పద్ధతిని సామాన్య గిటారిస్టు చేతికి అందించింది. 2006లో వచ్చిన ఫ్రాక్టల్ యాక్స్ ఎఫెక్స్ సర్క్యూట్‌లో ఒక్కో భాగాన్నీ విడివిడిగా లెక్కించే దిశగా సాగింది. 2011లో జర్మనీ నుంచి క్రిస్టోఫ్ కెంపర్ దారి మార్చాడు: సర్క్యూట్ జోలికి పోకుండా, నిలబెట్టిన ఆంప్‌లోకి పరీక్ష సంకేతాలు పంపి, మైకులోంచి తిరిగి వచ్చినదాన్ని విని, ఆ ఆంప్ నడవడికను ప్రొఫైల్‌గా పట్టుకునే యంత్రం చేశాడు. ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్కులు ఆ పనే చేస్తున్నాయి. అసలు ఆంప్ ఇచ్చినదానికీ తాము ఇచ్చినదానికీ తేడాను కొలుచుకుంటూ, ఆ తేడా తగ్గేదాకా తమను తాము దిద్దుకుంటాయి. స్టేజి మీద మెటాలికా అంతటి బృందమే గోడల్లా నిలబెట్టే ఆంపులు వదిలి ఫ్రాక్టల్ పెట్టెలకు మారింది. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ యంత్రాల లక్ష్యం ఎప్పుడూ ఇంకో యంత్రమే. అవి ఎంత బాగున్నాయన్నది కొలవాలంటే పక్కన ఒక వాల్వు ఆంప్ ఉండాలి. అసలు, నకలు అనే మాటలకు బలమంతా ఇక్కడినుంచే వచ్చింది.

అయితే ఆ అసలు ఎంత అసలో చూద్దాం. రాక్ సంగీతానికి పర్యాయపదమైపోయిన మార్షల్ ఆంప్ పుట్టుక దాచేదేమీ కాదు. లండన్ పడమటి శివారు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ డ్రమ్ములు అమ్మే దుకాణం నడిపేవాడు. అమెరికా నుంచి వచ్చే ఫెండర్ ఆంపుల ధర అక్కడి కుర్రాళ్లకు అందేది కాదు. 1962లో ఆయన మనుషులు ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6ఎ సర్క్యూట్‌ను దాదాపు యథాతథంగా దించారు. అమెరికన్ వాల్వులకు, స్పీకర్లకు బదులు ఇంగ్లండులో దొరికేవి వాడారు. ఆ చిన్న మార్పులతో తేలిన జేటీఎం 45 తనదైన గొంతు తెచ్చుకుంది. అంటే ఒక నకలు అసలై కూర్చుంది. ఇంకా వెనక్కి వెళితే, బాస్‌మన్ బేస్ గిటారు కోసం చేసింది. ఆరు తీగల గిటారువాళ్లు దాన్ని తమ అవసరానికి వాడుకున్నారు. డిస్టార్షన్ అనేదే ఆ రోజుల్లో ఇంజనీర్లు నిర్మూలించాలనుకున్న లోపం. 1951లో మెంఫిస్‌లో రికార్డయిన ‘రాకెట్ 88’లో గిటారు గరగరలాడటానికి కారణం దారిలో దెబ్బతిన్న ఆంప్; చిరిగిన స్పీకర్ కోన్‌లో కాగితాలు కుక్కి వాయించారని చెబుతారు. ఎవరూ ఉద్దేశించని దోషం ఇరవై ఏళ్లలో ఆరాధ్యస్వరమైంది. మూలాన్ని బట్టి పావిత్ర్యం నిర్ణయించాలనుకుంటే, వెనక్కి నడిచేకొద్దీ మూలమే దొరకదు; ఒక అనుకరణ వెనక ఇంకో అనుకరణ, దాని వెనక ఒక ప్రమాదం కనిపిస్తాయి.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది. మార్షల్ దించింది కారణాన్ని, మోడలర్ దించింది కార్యాన్ని. ఫెండర్‌లో వాల్వు ఉన్నచోట మార్షల్‌లోనూ వాల్వే ఉంది; వేడి వేడిగానే, వోల్టేజి వోల్టేజిగానే ఉంది. అది విత్తనం నుంచి వచ్చిన ఇంకో చెట్టు. మోడలర్‌లో వాల్వు లేదు, వాల్వు గురించిన వర్ణన ఉంది. తత్త్వవేత్త జాన్ సెర్ల్ 1980లో కంప్యూటర్ మనసుల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ తేడానే ఎత్తిచూపాడు: కంప్యూటర్‌లో వానను ఎంత నేర్పుగా లెక్కగట్టినా ఎవరూ తడవరు, మంటను లెక్కగడితే ఊరు కాలదు. ప్లేటో అంతకు చాలా ముందే తన ‘రిపబ్లిక్’ పదో అధ్యాయంలో, చిత్రకారుడు గీసిన మంచం సత్యానికి మూడో మెట్టు దూరంలో ఉందన్నాడు. దాని మీద ఎవరూ పడుకోలేరు. ఈ ఆక్షేపణను తేలిగ్గా తోసిపుచ్చకూడదు. మోడలర్ లోపల వేడి అబద్ధమే, నాలుగు వందల వోల్టులు అబద్ధమే. కానీ వాన ఉపమానాన్ని చివరిదాకా నడిపిస్తే అది ఆక్షేపకుడికే ఎదురు తిరుగుతుంది. లెక్కగట్టిన వాన తడపదు. లెక్కగట్టిన ఆంప్ మాత్రం మోగుతుంది. దాని చివర ఉన్న స్పీకరు కోన్ గాలిని నెడుతుంది, ఆ గాలి కర్ణభేరిని కదుపుతుంది. అనుకరణకు గురైంది ఆంప్, ధ్వని కాదు. ధ్వని ఇక్కడ వర్ణన కాదు, ఉత్పత్తి. గీసిన మంచం మీద పడుకోలేం, నిజమే. మోడలర్ ఇచ్చిన స్వరానికి మాత్రం పాట కట్టవచ్చు, శ్రుతి సరిచూసుకోవచ్చు, పక్కింటివాళ్ల చేత తిట్లు తినవచ్చు.

ధ్వని అంటే ఏమిటని మన తార్కికులు శతాబ్దాలపాటు వాదించుకున్నారు. ఆ వాదం ఇక్కడ పనికొస్తుంది. న్యాయ వైశేషికుల లెక్కలో శబ్దం ఆకాశానికి గుణం, అనిత్యం. పుడుతుంది, అల నుంచి అల లేచినట్టు ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టుకొస్తూ చెవిని చేరుతుంది, నశిస్తుంది. మీమాంసకులు దీన్ని ఒప్పుకోరు. వర్ణం నిత్యమైనదనీ, నోటినుంచి వెలువడే ధ్వని దాన్ని వ్యక్తం చేస్తుందే తప్ప పుట్టించదనీ వారి మతం. మీమాంసకులు మాట్లాడింది వేదవర్ణాల గురించి. దాన్ని గిటారు స్వరానికి చాపడం మనం తీసుకునే స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛ తీసుకుని రెండు పక్షాలనూ ఆంపుల ముందు నిలబెట్టి చూడండి. నైయాయికుడి మాట నిజమైతే ప్రతి శబ్దమూ కొత్తదే. నిన్న ఆ వాల్వు ఆంప్‌లోంచి వచ్చిన స్వరం నిన్ననే పోయింది. ఈ రోజు అదే ఆంప్ ఇచ్చేది ఇంకో స్వరం. రెండు వేరువేరు శబ్దాల్లో ఒకటి రెండోదానికి నకలు అయ్యే పద్ధతి లేదు. ఉంటే సాదృశ్యం ఉండవచ్చు, అంతే. మీమాంసకుడి మాట నిజమైతే వ్యక్తమయ్యేది ఒక్కటే. వాల్వూ చిప్పూ రెండూ వ్యంజకాలు మాత్రమే. దీపం మార్చినంత మాత్రాన కనిపించే వస్తువు నకలు కాదు. ఒక వాదంలో అంతా కొత్తవే, రెండో వాదంలో అంతా ఒకటే. ఏ దారిన వెళ్లినా నకలు అనే వర్గానికి చోటు లేదు. యంత్రానికి నకలు ఉంటుంది, నాదానికి ఉండదు.

బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఏడో శతాబ్దంలో పెట్టిన గీటురాయి ఈ మాటకు ఇంకో వైపు నుంచి బలమిస్తుంది. ఏది పని చేయగలదో, ఏదో ఒక ఫలితాన్ని పుట్టించే సామర్థ్యం దేనికుందో అదే పరమార్థంగా ఉన్నట్టు అన్నది ఆయన సిద్ధాంతం. దాన్నే అర్థక్రియ అన్నాడు. ఎండమావి నీరు దాహం తీర్చదు గనక లేదు. ఆ గీటురాయి మీద మోడలర్ స్వరం నిస్సందేహంగా ఉన్నది. అయితే ధర్మకీర్తిని తోడు పిలిచినవాడు ఆయన రెండో మాట కూడా వినాలి, అది వాల్వు పక్షానికి అనుకూలంగా కనిపిస్తుంది. ఆయన దృష్టిలో పని చేసేది స్వలక్షణం, అంటే ఈ క్షణంలో ఈ చోట ఉన్న, మరొకదానితో ఏ మాత్రం పంచుకోని విశిష్ట వస్తువు. సామాన్యం అనేది మన ఊహ కల్పించుకున్నది. ట్యూబ్ ఆంప్ అభిమాని ఇక్కడ గొంతు పెంచుతాడు: నా ఆంప్ స్వలక్షణం. దీని వాల్వులు రెండేళ్లు కాలి నీరసించాయి, కెపాసిటర్లు పాతబడ్డాయి, ఇంట్లో కరెంటు వోల్టేజి పడిపోతే దీని గొంతు మారుతుంది. ఒకే నమూనాలో చేసిన రెండు ఆంపులు ఒకేలా పలకవు. మోడలర్‌లో ఉన్నది సామాన్యం, ఒక ఫైలు. వెయ్యి పెట్టెల్లో వెయ్యిసార్లు అదే. ఈ మాటలో నిజముంది. కెంపర్ ప్రొఫైల్ పట్టుకునేది ఫలానా ఆంప్‌ని, నాబులు ఫలానా చోట ఉన్నప్పుడు, ఫలానా మైకు ముందు. ఆంప్ ఆ తరవాత ముసలిదవుతుంది, ప్రొఫైల్ కాదు. కానీ ఫైలు మోగదు. మోగేది ఫలానా గదిలో, ఫలానా స్పీకరులోంచి, ఫలానా వేళ్ల కింద పుట్టే ఒకే ఒక్క స్వరం. ఆ స్వరం ఎంత స్వలక్షణమో వాల్వు స్వరమూ అంతే స్వలక్షణం. విశిష్టత పెట్టెలో లేకపోతే లేకపోవచ్చు. సంఘటనలో ఎప్పుడూ ఉంటుంది. సంగీతం పెట్టె కాదు, సంఘటన.

ఇక అనుకరణ అనే మాటనే తిన్నగా ఎదుర్కోవాలి. ఈ పని వెయ్యేళ్ల కింద కాశ్మీర ఆలంకారికులు నాటకం విషయంలో చేశారు. రంగం మీద నటుణ్ణి చూసి ప్రేక్షకుడు రాముడనుకుంటాడు. ఆ జ్ఞానం ఎలాంటిది? శ్రీశంకుకుడు చెప్పిన జవాబు, అభినవగుప్తుడి వ్యాఖ్య ద్వారా మనకు తెలిసినది, చిత్రతురగ న్యాయం. గోడ మీద గుర్రం బొమ్మ చూసి గుర్రం అంటాం. అది నిజమైన గుర్రమని నమ్మి కాదు, నమ్మి మోసపోయీ కాదు; అవునా కాదా అన్న సందేహమూ లేదు, గుర్రంలా ఉందన్న పోలికతో ఆగిపోవడమూ లేదు. ఈ నాలుగింటికీ చెందని అయిదో రకం జ్ఞానం అది. మోడలర్ మీద బాస్‌మన్ అనే పేరున్న బొమ్మను తాకి వాయించే గిటారిస్టు అనుభవం సరిగ్గా ఇదే. అతను మోసపోలేదు, ఎవరినీ మోసగించలేదు. మోసం లేనిచోట నకిలీ అనే నింద నిలవదు. శంకుకుడితో ఇక్కడిదాకా కలిసి నడవవచ్చు. తరవాతి అడుగు అభినవగుప్తుడి గురువు భట్టతౌతుడిది, అది ఇంకా పదునైనది. ఆయన అసలు అనుకరణ వాదాన్నే పడగొట్టాడు. ఒకటి ఇంకోదానికి అనుకరణ అని తెలియాలంటే ముందు ఆ ఇంకోదాన్ని చూసి ఉండాలి. రాముడి ప్రేమను ప్రేక్షకుల్లో ఎవరు చూశారు? చూడనప్పుడు నటుడు చేస్తున్నది దానికి అనుకరణ అని ఎవరు తేల్చగలరు? ప్రేక్షకుడికి కలిగే అనుభవం అక్కడికక్కడ సొంతంగా పూర్తయినది.

ఆంపుల విషయంలో భట్టతౌతుడి ప్రశ్న అక్షరాలా వర్తిస్తుంది. 1959 నాటి బాస్‌మన్‌ను గదిలో ఎదురుగా నిలబడి విన్నవాళ్లు ఎంతమంది? ఈ రోజు గిటారు పట్టే కుర్రాడు, వాడు నాష్‌విల్‌లో ఉన్నా విశాఖపట్నంలో ఉన్నా, ఆ ధ్వనిని ఎరిగింది రికార్డుల్లో. రికార్డులో ఉన్నది గదిలోని ఆంప్ కాదు. స్పీకరు గుడ్డకు అంగుళాల దూరంలో పెట్టిన మైకు పట్టుకున్నది, మిక్సింగ్ బల్ల దిద్దినది, టేపు మెత్తబరిచినది. మోడలర్లు ఎక్కువగా అనుకరించేదీ దాన్నే: ఆంపునూ స్పీకరునూ మైకునూ కలిపి. ఆంప్ ముందు కూర్చుని దశాబ్దాలు వాయించిన వ్యక్తికి మోడలర్ తేడాగా తోస్తుంది, ఎందుకంటే అతను రాముణ్ణి చూశాడు. శ్రోతల్లో మిగతా అందరికీ మొదటినుంచీ దొరికింది రంగస్థలమే. అసలు ధ్వని అని వాళ్లు దేన్ని ప్రేమించారో అది ఎన్నడూ వాల్వు దగ్గర ఆగిపోలేదు.

అయినా చెవికి, చేతికి తెలిసే తేడాలు ఉన్నాయి కదా అనే ఆక్షేపణ మిగులుతుంది. ఉన్నాయి, వాటిని విడివిడిగా తూచాలి. మొదటిది ఆలస్యం. అంకెల్లోకి మార్చి లెక్కగట్టి తిరిగి విద్యుత్తుగా మార్చేసరికి కొన్ని మిల్లీసెకన్లు పడతాయి. ఇది భూతద్దంలో చూసిన లోపం. ధ్వని గాలిలో మిల్లీసెకనుకు సుమారు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. మూడు మిల్లీసెకన్ల ఆలస్యమంటే ఆంప్ నుంచి ఒక మీటరు వెనక్కి జరగడమే. స్టేజి మీద వాల్వు ఆంప్‌కి నాలుగు మీటర్ల దూరంలో నిలబడేవాడు ఆ లెక్కన ఏనాడూ సహజధ్వని వినలేదు. రెండోది ముడుచుకుని తిరిగొచ్చే స్వరాలు. డిస్టార్షన్ పుట్టించే పై హార్మోనిక్‌లు కొలత వేగంలో సగాన్ని దాటితే కిందికి ముడుచుకుని బేసురు స్వరాలుగా తిరిగొస్తాయి. ఇది నిజమైన లోపం. తొలి మోడలర్లలో చెవికి గీసుకుపోయేది. లెక్కను అనేక రెట్ల వేగంతో నడిపి దాన్ని చాలావరకు అణచారు. మూడోది ఫీడ్‌బ్యాక్, ఇదే అన్నిటికంటె లోతైనది. బిగ్గరగా మోగే స్పీకరు ముందు గిటారు నిలబెడితే ఆ ధ్వనికి తీగ మళ్లీ కంపిస్తుంది. స్వరం ఆరిపోకుండా పాడుతూనే ఉంటుంది. హెడ్‌ఫోన్లలో మోడలర్ వాయించేవాడికి ఈ వలయం దొరకదు. కానీ ఇక్కడ తెగిపోయింది గాలికీ తీగకీ మధ్య ఉన్న బంధం, వాల్వుకీ తీగకీ మధ్య ఉన్నది కాదు. అదే మోడలర్‌ను పెద్ద స్పీకరులో పెట్టి మోగిస్తే ఫీడ్‌బ్యాక్ లేచి వస్తుంది. ఈ తేడాలన్నీ మంచి యంత్రానికీ చెడ్డ యంత్రానికీ, గదికీ హెడ్‌ఫోనుకీ మధ్య ఉన్నవి. ఇంజనీర్లు ఇవాళ కాకపోతే రేపు చెరిపేయగల తేడాను సత్యానికీ అసత్యానికీ మధ్య గోడ అనలేం.

ఇంకొక ఆక్షేపణ కళాతాత్త్వికులది. రెంబ్రాంట్ చిత్రానికి ఎంత అచ్చమైన నకలు గీసినా అది నకలే. చరిత్ర కూడా కళావస్తువులో భాగమే కదా అంటారు. నెల్సన్ గుడ్‌మన్ 1968లో రాసిన ‘లాంగ్వేజెస్ ఆఫ్ ఆర్ట్’లో దీనికి సగం జవాబుంది. చిత్రలేఖనంలో నకిలీ ఉంటుంది గాని, సంగీత రచనలో ఉండదు. స్వరాలు సరిగా పలికితే ప్రతి ప్రదర్శనా ఆ రచనకు అసలు ప్రదర్శనే. మిగతా సగం వాద్యకారుడి దగ్గరుంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్ మీద. ఆ వాద్యం గొంతు ఆంప్లిఫయర్ లేకుండా సభలో వెనక వరుసకు చేరదు. సంప్రదాయం చెప్పే పుట్టుక దానికి లేదు. మొదట్లో పెదవి విరిచినవాళ్లున్నారు. ఆయన గమకం పలికినప్పుడు, రాగం నిలబడిందా లేదా అన్నదే సభ చూసింది, తీగకూ చెవికీ మధ్య ఏ విద్యుత్ పరికరం ఉందో చూడలేదు. చరిత్ర, కర్తృత్వం, సంతకం అనేవి వాయించేవాడివి. పరికరం చరిత్రను వాయించేవాడి చరిత్రతో కలిపేయడం ఈ తగవులో జరిగే పెద్ద పొరపాటు.

ఇంతకీ తేడా లేదా? ఉంది. మన శాస్త్రాల్లో ఉపజీవ్యం, ఉపజీవకం అనే విభజన ఉంది. ఒకటి ఇంకోదాన్ని ఆశ్రయించి నిలిస్తే ఆశ్రయమిచ్చింది ఉపజీవ్యం. ఆశ్రయించింది దాన్ని కాదనలేదు, కాదంటే తన కాళ్లే నరుక్కున్నట్టు. మోడలర్ ఉపజీవకం. అది మోగించే స్వరం నిజమే గాని, ఎలా మోగాలన్న జ్ఞానం పూర్తిగా ఎరువు తెచ్చుకున్నది. ఆ అరువు ఎంత పెళుసైనదో 2022 మార్చిలో బయటపడింది. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా ఎగుమతులు నిలిపేయడంతో సరాతోవ్‌లో తయారయ్యే వాల్వులు ఆగిపోయి ప్రపంచమంతా ధరలు ఎగబాకాయి. ఆంపులకు వాల్వులందించే పెద్ద కర్మాగారాలు అప్పటికి రష్యాలో, స్లొవేకియాలోని చాడ్సాలో, చైనాలో తప్ప మిగల్లేదు. మన బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ ఒకప్పుడు రేడియో వాల్వులు చేసేది. ట్రాన్సిస్టర్ వచ్చాక ఆ పనీ పోయింది. రేపు వాల్వులు పూర్తిగా ఆగిపోతే మోడలర్లు మోగడం ఆగదు. వాటిలో కొత్తగా పట్టుకోవలసింది, సరిచూసుకోవలసింది ఆగిపోతుంది. పటం మిగిలి ఊరు మాయమైన స్థితి అది. పటం అబద్ధం కాదు. కానీ దాని మీద కొత్త వీధి వేయలేం. జేటీఎం 45 తప్పుగా దించడం వల్ల కొత్తదైంది. తప్పు చేయకుండా దించడమే ధ్యేయంగా పెట్టుకున్న యంత్రానికి ఆ అదృష్టం కష్టం. మోడలర్లమీద నిలిచే ఒకే ఒక్క న్యాయమైన ఆరోపణ ఇది: అవి అబద్ధాలని కాదు, ఇంకా తమ మాట మాట్లాడటం నేర్వలేదని.

ఈ ఆరోపణ కూడా శాశ్వతం కాకపోవచ్చు. రాకెట్ 88 ఆంప్ లాగా మోడలర్ కూడా ఏదో ఒక రోజు తనకే సొంతమైన దోషంతో పలికి, దాన్ని ఎవరో ఒక కుర్రాడు ఇష్టపడితే, ఆ రోజు నుంచి అది ఉపజీవకం కాదు. ఈలోపు రెండు పక్షాలూ ఒప్పుకోవలసినవి రెండున్నాయి. వాల్వు పక్షం, అవతలివాడి స్వరాన్ని అబద్ధమనడం మానాలి. ఆ మాటకు శబ్దశాస్త్రంలో గాని తర్కంలో గాని ఆధారం లేదు. మోడలర్ పక్షం, తన పెట్టెలో మోగుతున్నదంతా ఎవరి చెమట నుంచి వచ్చిందో మరవకూడదు. ఏ ఆంప్ నుంచి పట్టుకున్నదో పేరు చెప్పాలి, ఆ ఆంపులను బాగుచేసే మెకానిక్కులనూ వాల్వులు చేసే కర్మాగారాలనూ బతికించుకోవాలి. కొనేముందు ఏది అసలు అని అడిగే కుర్రాడికి ఇవ్వవలసిన జవాబు చిన్నది. రెండూ అసలే. ఒకటి అప్పులో ఉంది. ఆ అప్పు తీర్చగలిగింది యంత్రం కాదు, దాని మీద కొత్తగా వాయించే నువ్వే.